ఓడ దిగి బస్సెక్కాం: పెనాంగ్, ఫుకెట్ దీవుల్లో

మొదటి రోజు: సింగపూర్

సింగపూర్‌లో ఎక్కించుకుని, మలేసియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూపించి, మళ్లీ సింగపూర్‌లోనే దింపే ఓడల్లో ఈమధ్య మనవాళ్లు బాగా కనిపిస్తున్నారు. తిండి, పడక, రాత్రి పాటలు, ఆటలు అన్నీ టికెట్లోనే. దిగిన ఊళ్లో తిరగడానికి మాత్రం విడిగా కట్టుకోవాలి. ఓడవాళ్లే ఏసీ బస్సు పెట్టి, గైడ్‌ని ఇచ్చి తిప్పే టూర్లున్నాయి కానీ రేట్లన్నీ డాలర్లలో ఉంటాయి. నలుగురికి లెక్కేసేసరికి మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఊళ్లో బస్సులు తిరుగుతుండగా డాలర్లు పొయ్యడమెందుకోయ్?" అన్నారు బావగారు. ఆయన ఆర్టీసీలో, డిపో ట్రాఫిక్ విభాగంలో చేసి రిటైరయ్యారు. ఏ దేశం వెళ్లినా ముందు బస్టాండు చూడాలంటారు. అక్క మాత్రం, "ఈయన్ని నమ్ముకుంటే ఓడ మనల్ని వదిలేసి పోతుందిరా" అంది. ఆ భయం ఉత్తది కాదు. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగదు. చెప్పిన టైముకి రాకపోతే తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనమే చేరుకోవాలి.

సింగపూర్‌లో ఆ టెన్షన్ లేదు. లిటిల్ ఇండియాలో దిగాం కాబట్టి పొద్దున్నే పెట్టెలు లాక్కుంటూ అక్కడి మెట్రో స్టేషన్‌కే వెళ్లాం. ఒక్క స్టాపు తర్వాత ధోబీఘాట్‌లో దిగి ఎర్ర లైను మారితే, దాని చివరి స్టేషనే మెరీనా సౌత్ పియర్. అక్కడి నుంచి క్రూయిజ్ టెర్మినల్‌కి పెట్టెలు లాగుతూ కూడా పది నిమిషాల నడక. ప్రతి స్టేషన్లోనూ లిఫ్టు ఉంది. టికెట్ కొనే పని లేదు, మన క్రెడిట్ కార్డే గేటుకి ఆనిస్తే తెరుచుకుంటుంది. అయితే ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడానికి లేదు, ఎవరి కార్డు వాళ్లకి ఉండాలి. అక్కకి కార్డు లేదు కాబట్టి ముందే డబ్బు వేసుకునే ఈజీలింక్ ప్రయాణ కార్డు కొన్నాం. రైల్లో జాగ్రత్తలన్నీ ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం నాలుగు భాషల్లోనూ చెబుతారు. తమిళం వినపడగానే మా ఆవిడ తలెత్తి చూసింది. ఆవిడది సూళ్లూరుపేట, ఆ భాష బాగానే వచ్చు. దాని ఉపయోగం మర్నాడు తెలిసింది.

ముందురోజు ముస్తఫా షాపింగ్ సెంటర్లో మలేసియా డబ్బు రింగిట్లు మార్చేటప్పుడు బావగారు కౌంటర్లో అమ్మాయిని పట్టుబట్టి ఒక రింగిట్ నోట్లు అడిగి తీసుకున్నారు. ఆ అమ్మాయి విసుక్కుంటూనే ఓ కట్ట ఇచ్చింది. ఒక్కో రింగిట్ మన లెక్కలో ఇరవై రూపాయల పైమాటే.

ఇంకో మాట. మధ్యలో మలేసియా, థాయ్‌లాండ్ వెళ్లి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతాం కాబట్టి సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. బుక్ చేసేముందే చూసుకోండి.

రెండో రోజు: పెనాంగ్

ఓడ భోజనాలయ్యాక పెనాంగ్ చేరింది. రాత్రి దాకా ఆగుతుంది. ఇక్కడ ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరి మధ్యలోనే ఉంది. గేటు దాటగానే విక్టోరియా రాణి పేరుతో కట్టిన గడియార స్తంభం కనిపిస్తుంది. ఆవిడ పాలనకి అరవై ఏళ్లు నిండాయని ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగులు కట్టారు. పక్కనే కారన్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని ఈస్టిండియా కంపెనీకి రాబట్టాక ఇక్కడే మొదటి కోట లేచింది. ఆ కారన్‌వాలిస్ మన చరిత్ర పుస్తకాల్లోని గవర్నర్ జనరలే.

గేటు బయట టాక్సీవాళ్లు ఫొటోల అట్టలు పట్టుకుని చుట్టుముట్టారు. "పెనాంగ్ హిల్, టెంపుల్, బాటిక్, అన్నీ!" బావగారు వాళ్లని మర్యాదగా దాటుకుంటూ సముద్రం పక్కనుంచి నడిపించుకుపోయారు. పది నిమిషాల్లో వెల్డ్ క్వే జెట్టీ వచ్చింది. అవతలి ఒడ్డున బటర్‌వర్త్‌కి వెళ్లే ఫెర్రీ ఇక్కడే, రాపిడ్ పెనాంగ్ సిటీ బస్సులు బయల్దేరేదీ ఇక్కడే. ఓడరేవు, పడవల రేవు, బస్టాండు మూడూ కూతవేటు దూరంలో పెట్టినవాడికి దండం పెట్టాలి.

మాక్కావలసింది 204 నంబరు బస్సు. బోర్డు మీద 'బుకిట్ బెండెరా' అని ఉంటుంది. అదే పెనాంగ్ హిల్. ఎక్కేది డ్రైవరు పక్క నుంచి. కండక్టర్ లేడు. డ్రైవరు పక్కన గాజు పెట్టె లాంటిది ఉంది, అందులో డబ్బులు వేస్తే టికెట్ ఇస్తాడు. మనిషికి రెండు రింగిట్లు. చిల్లర తిరిగి ఇవ్వడం అనేది అసలు లేదు. మా ముందున్న తెల్లజాతి దంపతులు యాభై నోటు చూపించారు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. వాళ్లు మెట్ల మీద నిలబడి బ్యాగులు వెతుక్కుంటుంటే బావగారు ముందుకెళ్లి తన కట్టలోంచి నాలుగు నోట్లు తీసి పెట్టెలో వేశారు. తర్వాత మా నలుగురికీ ఎనిమిది. "ముప్పై ఏళ్లు చిల్లర ఇచ్చి సహకరించండి అని బస్సుల్లో రాయించాం. ఇక్కడ రాయకుండానే జరుగుతోంది" అన్నారు. ఆ దంపతులు తర్వాత ఐదు డాలర్ల నోటు ఇవ్వబోతే తీసుకోలేదు.

టూరు బస్సులో ఇవేవీ కనిపించవు. కొమ్తార్ అనే పెద్ద టవరు దగ్గర బస్సు సగం ఖాళీ అయి మళ్లీ నిండింది. తలకి ముసుగులు చుట్టుకున్న బడిపిల్లలు, ఆకుకూరల సంచీ కాళ్ల మధ్య పెట్టుకున్న చైనీస్ ముసలావిడ, సైటు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్న కుర్రాడు. మా ఆవిడ పక్కన కూర్చున్నావిడ మెళ్లో పసుపుతాడు ఉంది. తమిళంలో పలకరింపులయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎంతమంది పిల్లలు, అల్లుడేం చేస్తాడు. అవన్నీ అయ్యాక అసలు విషయం చెప్పింది. చివరి స్టాపులో దిగండి, తిరిగి ఎక్కేది కూడా అక్కడే, కానీ ఐదు దాటితే ఆయిర్ ఇటామ్ బజారు దగ్గర జామ్ అవుతుంది, వానొస్తే మరీను, పైన కూర్చుండిపోకండి. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా నాకు ఈ ముక్క దొరకలేదు.

కొండ రైలు విదేశీయులకి రానూపోనూ 30 రింగిట్లు. స్థానికులకి అందులో సగం కంటే తక్కువ. తాజ్ మహల్ దగ్గర మనం చేసేదీ అదే కాబట్టి గొణగలేదు. 1923లో మొదలైన ఈ లైన్లో అప్పట్లో మధ్యలో దిగి ఇంకో పెట్టె మారాల్సి వచ్చేది. 2011లో కొత్త రైళ్లు తెచ్చాక నేరుగా పైకి పోతుంది. పెట్టె లోపల నేల కూడా మెట్లుమెట్లుగా ఉంటుంది. ముందు అద్దం దగ్గర చోటు దొరికితే, నిటారుగా కొండ మీదికి పోతున్న ఒంటి పట్టాలు, మధ్యలో ఎదురొచ్చే పెట్టె కోసం మాత్రం రెండుగా చీలడం చూడొచ్చు. పైకెళ్లే పెట్టె బరువుకి దిగే పెట్టె బరువు సాయం. బావగారు ఆ కేబుల్‌నే చూస్తూ కూర్చున్నారు, అడవిని చూశారో లేదో తెలీదు.

పైన చల్లగా ఉంది. ఊటీ అనుకుని వెళ్లకండి, కింద ఉక్కపోత తగ్గిందనిపిస్తుంది, అంతే. పెనాంగ్ ప్రధాన పట్టణం జార్జ్‌టౌన్ మొత్తం, దాని వెనక సముద్రం, ఎడమ నుంచి కుడికి పాకిన పెనాంగ్ వంతెన కనిపిస్తాయి. 1985లో తెరిచిన ఆ వంతెన పొడవు 13.5 కిలోమీటర్లు. వీటన్నిటికంటే అక్క వెతికింది మా ఓడని. కనిపించాకే కూర్చుంది. కొండ మీదే మురుగన్ గుడి ఉంది, దాని పక్కనే మసీదు. గుడి గోపురం రంగులు మన కళ్లకి అలవాటైనవే. విభూతి పెట్టుకుని, ప్రసాదం తిని, నాలుగున్నరకే దిగే క్యూలో నిలబడ్డాం.

దారిలో కెక్ లోక్ సీ ఉంది. కొండవాలు నిండా పరుచుకున్న బౌద్ధాలయం, కరుణాదేవత గ్వానిన్‌కి 30 మీటర్ల కంచు విగ్రహం, చైనా, థాయ్, బర్మా పద్ధతులు మూడూ కలిపి కట్టిన పగోడా. బస్సు కిటికీలోంచే చూశాం. దిగుదామని మా ఆవిడ అంది కానీ, మధ్యాహ్నం దిగినవాళ్లకి కొండ, గుడి రెండూ కుదరవు. పొద్దున్నే చేరే ఓడైతే ముందు కొండ, తర్వాత గుడి పెట్టుకోండి. నన్నడిగితే ఒక్కటే ఎంచుకోవలసి వస్తే గుడికే వెళ్లమంటాను. కొండ రైలు క్యూలో పోయే టైము గుళ్లో మెట్లెక్కడానికి వాడుకోవచ్చు.

ఆయిర్ ఇటామ్ బజారు దగ్గర, పొద్దుట బస్సులో తమిళావిడ చెప్పినట్టే బస్సు ఆగిపోయింది. చుట్టూ స్కూటర్లు, తోపుడు బళ్లు, పులుసు వాసన. ఇక్కడి లక్సా అనే నూడుల్స్ పులుసు చాలా పేరున్నది, అందులో చేపే ప్రధానం. అక్క కిటికీ వైపు తిరిగి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇరవై నిమిషాలు కదల్లేదు. నేను గడియారం చూస్తుంటే బావగారు, "ఎంత లేటైనా సరే, బస్సు ఎటు పోతోంది? ఓడ వైపే కదా. ముందు దూరం పోయి, తర్వాత దగ్గరికొస్తూ చూసుకోవాలోయ్. దగ్గరవి ముందు చూసి సాయంత్రం దూరం పోయేవాడే ఓడ మిస్సవుతాడు" అన్నారు. జామ్ విడిపోయింది.

కొమ్తార్‌లో దిగి క్యాట్ బస్సు ఎక్కాం. పాత ఊళ్లో గుండ్రంగా తిరిగి జెట్టీకి చేరే ఉచిత బస్సు ఇది. డబ్బులెక్కడ వెయ్యాలని బావగారు డబ్బా కోసం వెతుకుతుంటే డ్రైవరు నవ్వి లోపలికి వెళ్లమన్నాడు. "మన దగ్గర ఆడవాళ్లకే కదే ఫ్రీ, ఇక్కడ మగాళ్లకీనా?" అని అక్క వైపు చూశారు. "ఎక్కండి, దిగి తర్వాత ఆశ్చర్యపోదురుగాని" అంది అక్క.

సింగపూర్‌లోలాగే ఇక్కడా లిటిల్ ఇండియా ఉంది. అందులో క్వీన్ స్ట్రీట్ మీద మహామారియమ్మన్ గుడి 1833 నాటిది. సాయంత్రం హారతి అయ్యేదాకా ఉన్నాం. బయట పూలకొట్లు, బంగారం కొట్లు, స్పీకర్లలో తమిళ పాటలు. అరిటాకు భోజనం చేశాం, రసం పోసుకున్నాం. ఓడలో ఎన్ని రకాలు పెట్టినా రసం పెట్టరు. జార్జ్‌టౌన్ 2008లో యునెస్కో జాబితాకి ఎక్కింది. గోడల మీద బొమ్మలు చూడ్డానికి జనం తండోపతండాలుగా వస్తారు. చీకటి పడ్డాక ఆ వీధుల్లోంచే పది నిమిషాలు నడిచి ఓడ ఎక్కేశాం. ఇంకా బోలెడు టైముంది.

మూడో రోజు: ఫుకెట్

పొద్దున్నే కాఫీ దగ్గరే గొడవ మొదలైంది, టైము గురించి. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఓడ మాత్రం సింగపూర్ టైమే పాటిస్తుందని రాత్రే మైకులో చెప్పారు. తీరం దగ్గరపడగానే ఫోన్లు వాటంతట అవే థాయ్ టైముకి మారిపోయాయి. మా ఆవిడ ఫోన్లో ఎనిమిది, బావగారి హెచ్‌ఎంటీ వాచీలో తొమ్మిది. "ఇవాళంతా నా చెయ్యి చూసి నడవండి" అని ఆయన తీర్మానించారు. ఈ రూట్లో వెళ్లేవాళ్లెవరైనా ఒక్కటి గుర్తుంచుకోవాలంటే ఇదే. ఓడకి తిరిగి చేర్చే ఆఖరి పడవ టైము ఓడ గడియారం ప్రకారం ఉంటుంది, ఫోన్ ప్రకారం కాదు.

మా ఓడ పటాంగ్ బీచ్ దగ్గర సముద్రంలోనే లంగరేసింది. టెండర్ బోట్లనే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. ఓడ టూర్లు తీసుకున్నవాళ్లకి ముందు, మిగతావాళ్లకి నంబర్లు. గంటకి పైగా అక్కడే పోయింది. తిరిగొచ్చేటప్పుడూ ఇదే వరస కాబట్టి ఆ టైము కూడా లెక్కేసుకోవాలి.

ఫుకెట్ థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే పెద్ద దీవి, 540 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెనాంగ్ దీవి అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. కానీ బస్సుల సంగతి చూస్తే పెనాంగే పెద్దన్న. ఇక్కడ బీచ్‌ల వెంబడి పోయేది స్మార్ట్ బస్సు, విమానాశ్రయం నుంచి పటాంగ్, కరోన్, కటా మీదుగా రవాయ్ దాకా, ఎక్కడెక్కినా థాయ్ డబ్బుల్లో వంద బాత్‌లు. దాదాపు గంటకొకటి వస్తుంది. ఒక్కటి తప్పిపోతే మనకున్న పూట కాస్తా ఐపోతుంది. మిగిలినవి సాంగ్‌తేవ్‌లనే నీలిరంగు ట్రక్కు బళ్లు. ఇవన్నీ ఏదో ఒక బీచ్ నుంచి ఫుకెట్ టౌన్‌కి, టౌన్ నుంచి మళ్లీ బీచ్‌కి పోతాయి. వీటిలో ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి వెళ్లాలంటే టౌన్‌కి పోయి మారాల్సిందే.

రోడ్డెక్కగానే ఎర్ర టుక్‌టుక్‌ల వాళ్లు పిలిచారు. మీటర్ లేదు. పెద్ద బుద్ధుడి కొండకి ఎంతని మా ఆవిడ అడిగింది. చెప్పిన రేటుకి మా ఊళ్లో సగం నెల ఆటో తిరగొచ్చు. బేరం చేస్తే కొంచెం దిగుతారట, మేం ఆగలేదు. "బస్సు ఎటు పోతే మనమూ అటే" అన్నారు బావగారు. అలా బుద్ధుడి కొండ పోయి, ఫుకెట్ టౌన్ వచ్చింది. ఆ పోవడానికి నాకేమీ బాధ లేదు, మా ఆవిడకి మాత్రం ఇప్పటికీ ఉంది.

సాంగ్‌తేవ్ బీచ్ రోడ్డు మీదే ఆగి ఉంది. పెద్ద ట్రక్కుకి పైకప్పు వేసి, పక్కలు తెరిచిపెట్టి, పొడుగ్గా చెక్క బెంచీలు కొట్టారు. మధ్యలో బియ్యం బస్తా, ఐస్ డబ్బా, ఒకావిడ కుట్టుమిషను. మనిషికి యాభై బాత్‌లు, దిగాక ఇవ్వాలి. దిగాల్సిన చోట పైన గంట బటన్ నొక్కాలి. నిండేదాకా ఆగి బయల్దేరింది. పటాంగ్ దాటగానే నిట్టనిలువు ఘాట్, మొదటి గేరులో మూలుగుతూ ఎక్కింది. ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే సముద్రంలో మా ఓడ. కొండ మీద మలుపులో చిన్న చైనీస్ గుడి ఉంది, దాని ముందుకి రాగానే డ్రైవరు ముమ్మారు హారన్ కొట్టాడు. అక్క చేతులు జోడించింది, ఎదురుగా కూర్చున్న థాయ్ ముసలాయన కూడా. శ్రీశైలం ఘాట్‌లో మన డ్రైవర్లదీ ఇదే అలవాటు కదా.

ముప్పావుగంటలో రనోంగ్ రోడ్డు బజారు దగ్గర దింపాడు. దిగిన వెంటనే బావగారు తిరుగు బండి ఎక్కడ, ఎప్పుడు అని అడిగారు. డ్రైవరుకి ఇంగ్లీషు రాదు. వాచీ చూపించి, పటాంగ్ అని చెయ్యి ఊపితే, ఆయన నేల వైపు వేలు చూపించి, వేళ్లు మడిచి అరగంటకొకటి అన్నట్టు చెప్పాడు. ఆఖరి బండి సాయంత్రం ఐదారింటికే వెళ్లిపోతుంది, రాత్రి బజారు చూసి వద్దామంటే ఇక టుక్‌టుకే గతి.

అది శనివారం. అక్క నీచు ముట్టదు. థాయ్‌లాండ్‌లో ఎలారా అని ఓడలోనే బెంగ పెట్టుకుంది. రనోంగ్ రోడ్డు మీద, జుయ్ తుయ్ అనే చైనీస్ ఆలయం దగ్గర, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న హోటళ్లు వరసగా ఉన్నాయి. ఆ గుర్తున్నచోట మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. ఫుకెట్‌లో ఏటా తొమ్మిది రోజులు జరిగే శాకాహార పండుగ ప్రసిద్ధం, ఈ హోటళ్లది కూడా అదే ఆచారం. ట్రేలలో పెట్టిన కూరలు వేలితో చూపిస్తే అన్నం మీద వేసిచ్చారు. ఉల్లి లేదనగానే అక్క రెండోసారి పెట్టించుకుంది.

రెండు వీధులవతల తలాంగ్ రోడ్డు. రెండంతస్తుల కొట్లు, ముందు కమానుల వసారా, గులాబీ, నీలం, ఆవపిండి రంగు గోడలు. నిన్న పెనాంగ్‌లో చూసినవే మళ్లీ చూస్తున్నామా అనిపించింది. అది ఊరికే అనిపించడం కాదు. ఈ ఊరి సంపద అంతా ఒకప్పుడు తగరం గనులది. గనుల మీద ఎదిగిన చైనీస్ కుటుంబాలకి పెనాంగ్‌తోనే వ్యాపారాలు, వియ్యాలు. తగరం కరిగించడానికి కూడా పెనాంగ్‌కే పంపేవాళ్లు. ఫుకెట్‌ని నేలతో కలిపే వంతెన 1967లోగానీ రాలేదు, అంతవరకు దారంటే ఓడదారే. మనం రాత్రి పడుకుని దాటిన నీళ్లే అవి.

రెండున్నరకి, అంటే ఓడ లెక్కలో మూడున్నరకి, బండి దగ్గరికొచ్చాం. అప్పుడే ఒకటి కదిలిపోయింది. తర్వాతది నిండడం లేదు. పావుగంట, ఇరవై నిమిషాలు. అక్క నా వైపు, నేను బావగారి వైపు చూసుకున్నాం. టుక్‌టుక్ నాలుగైదు వందల బాత్‌లు, అంటే వెయ్యి రూపాయల పైన. "ఇంకో పది నిమిషాలు చూసి అప్పుడు దాన్ని పిలుద్దాం అన్నయ్యగారూ" అంది మా ఆవిడ. ఈలోగా ట్యూషన్ వదిలిన పిల్లలు గుంపుగా వచ్చి ఎక్కేశారు, బండి కదిలింది. పటాంగ్‌లో దిగి, బీచ్ రోడ్డు మీద సునామీ వస్తే ఎటు పరిగెత్తాలో చూపించే నీలం బోర్డుల పక్కనుంచి నడిచాం. 2004 డిసెంబర్ 26న ఈ రోడ్డంతా నీళ్లలో మునిగింది. అదే రోజు మన కోస్తా మీదికీ వచ్చింది. ఆ బోర్డుల ముందు ఇప్పుడు జనం కొబ్బరి బోండాలు తాగుతున్నారు.

బోటు క్యూ చాంతాడంత. ఆఖరి బోటుకి గంటన్నర ముందే వచ్చినా ఓడ ఎక్కేసరికి అందులో సగం అయిపోయింది.

నాలుగో రోజు: సముద్రం

మలక్కా జలసంధి. ఎటు చూసినా సరుకు ఓడలే. బస్సుల్లేవు కాబట్టి బావగారు మధ్యాహ్నం దాకా పడుకున్నారు.

ఐదో రోజు: మళ్లీ సింగపూర్

పొద్దున్నే దిగి, అదే మెరీనా సౌత్ పియర్‌లో రైలెక్కాం. రాఫెల్స్ ప్లేస్‌లో పచ్చ లైను, తనా మెరాలో ఇంకోసారి మారితే చాంగీ విమానాశ్రయం. పెట్టెలతో ఆఫీసు వేళ ఎక్కడం కొంచెం ఇబ్బందే, వీలైతే తొమ్మిదిన్నర దాటాక బయల్దేరండి.

విమానం కోసం కూర్చున్నప్పుడు బావగారు జేబులోంచి కాగితం తీసి కండక్టరు వేబిల్లు రాసినట్టు లెక్క రాయడం మొదలుపెట్టారు. పెనాంగ్‌లో 204 రానూపోనూ నలుగురికి 16 రింగిట్లు, తెల్లవాళ్లకి వేసిన నాలుగు వేరే. క్యాట్ బస్సు సున్నా, దాని కింద రెండు గీతలు. కొండ రైలు 120. ఫుకెట్ సాంగ్‌తేవ్‌లు 400 బాత్‌లు. సింగపూర్ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకీ విడిగా అరవై సెంట్లు పడుతుందని అప్పుడే ఫోన్లో చూశారు. చాలాసేపు దానిమీదే కూర్చున్నారు.

"మరి ఓడ టికెట్ ఎందులో రాస్తారండీ?" అంది అక్క.

"అది మీ తమ్ముడి పద్దు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.